పిన్ను పట్టింది, గొంతు తెగింది

మా ఇంట్లో అరవై నిమిషాల క్యాసెట్టు ఒకటి ఉంది. అట్ట మీద మా చిన్నాయన చేతిరాతతో "నాయన – రాయబారం" అని ఉంటుంది. 1980ల చివర్లో ఒక శివరాత్రికి సోమందేపల్లెలో ఊరివాళ్లు ఆడిన నాటకంలో మా తాత కృష్ణుడి వేషం కట్టాడు. ఆ రాత్రి పట్టిన రికార్డింగు అది. తాత గొంతు ఇంకెక్కడా లేదు.

క్యాసెట్టుకు రెండు వైపులు. మొదటి వైపు తాత గొంతు చాలా గట్టిగా వినిపిస్తుంది, కానీ రేకు మీద గులకరాళ్లు పోసినట్టు గరగరమంటుంది. ఒక్క పద్యమూ తెలియదు. రెండో వైపు గొంతు సన్నగా, ఎక్కడో దూరంగా ఉంటుంది. మధ్యలో దగ్గులు, పిల్లల ఏడుపులు, కీచురాళ్లు. అయినా చెవి పెట్టి వింటే ప్రతి అక్షరమూ ఉంది.

అదే రాత్రి, అదే గొంతు, అదే టేప్‌రికార్డరు. మారిందల్లా ఒక వైరు. మొదటి సగంలో చిన్నాయన మైకుసెట్టు ఆంప్లిఫయరు వెనకాల స్పీకరుకు పోయే కొక్కేల నుంచి వైరు లాగి, టేప్‌రికార్డరు మైకు రంధ్రంలో గుచ్చాడు. నడిమి విరామంలో ఎందుకో అనుమానమొచ్చి ఆ వైరు పీకేసి, రికార్డరును స్టేజి అంచున పెట్టి, దాని సొంత మైకుతోనే పట్టాడు. చాలా ఏళ్ల తర్వాత అడిగితే, "పిన్ను పట్టింది కదప్పా, పట్టినాక ఇంకేముంటాదిలే అనుకుంటి" అన్నాడు.

పిన్ను పట్టడం వేరు, లోపల నడిచే కరెంటు సరిపోవడం వేరు. ఒక్కో రంధ్రం ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం పుట్టింది. ఏ రంధ్రం ఎంత బలమైన శబ్దానికి తయారైందో దాని ఆకారం చెప్పదు. ఆ కథ తెలియకపోతే పోయేది ఎవరో ఒకరి గొంతు.

మైకు లేని కాలం

మా వైపు నాటకానికి మైకు కంటే చాలా ముందునుంచే చరిత్ర ఉంది. ఆంధ్ర నాటక పితామహుడని పేరు తెచ్చుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో మా పక్క ధర్మవరంలోనే పుట్టాడు. బళ్లారిలో సరసవినోదినీ సభ పెట్టి నాటకాలాడించాడు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టాడు. ఈ కరువు సీమ రంగస్థలానికి ఇచ్చిన పెద్ద పేర్లు ఇవి.

ఆ కాలంలో 'లెవెల్' అంటే నటుడి ఊపిరే. వెనక వరసలో కూచున్నవాడికి వినపడాలి, హార్మోనియం మీద నుంచి పోవాలి. పద్యం చివర తీసే ఆ పొడుగాటి రాగం సంగీత సరదా ఒక్కటే కాదనిపిస్తుంది నాకు. పిచ్చాపాటి గొంతుతో అన్న మాట నాలుగు వరసలు దాటదు. సాగదీసి, పై స్థాయిలో ఎత్తుకున్న స్వరం చాలా దూరం పోతుంది. రాఘవ రాగాల కన్నా సహజమైన మాటకే మొగ్గు చూపాడంటారు. మైకు లేని చోట అది ఎంత కష్టమైన పంతమో ఆలోచిస్తే ఆయన మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

తొలినాళ్ల గ్రామఫోను రికార్డులదీ ఇదే తంతు. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చేదాకా గాయకులు ఒక పెద్ద బూరలోకి పాడేవాళ్లు. ఆ గాలి అదురే సూదిని కదిలించి మైనం మీద గీత గీసేది. తిప్పడానికి నాబ్ లేదు. పై స్థాయికి పోయేటప్పుడు గాయకుడే వెనక్కి జరగాలి, మంద్రానికి దిగితే ముందుకు వంగాలి. గొంతు ఎక్కువైతే సూది పక్క గాడిలోకి దూకుతుంది, తక్కువైతే రికార్డు రొదలో కలిసిపోతుంది. తర్వాత వచ్చిన ప్రతి మిషనుకూ ఈ రెండు హద్దులే. కింద రొద, పైన తెగిపోవడం. రెంటి నడుమ ఉన్న జాగాలోనే గొంతు బతకాలి.

చెరువున్న ఊళ్లో పెరిగినవాడికి ఇది కొత్త సంగతి కాదు. నీళ్లు మరీ అడుక్కి పోతే తూములో బురద వస్తుంది. మరీ నిండితే మరవ పొర్లి పోతుంది. కట్టకు ఎప్పుడూ కొంత ఖాళీ వదిలి ఉంచాలి.

టెలిఫోను వదిలిపోయిన కొలతలు

ఈ హద్దులను మొదట లెక్కకట్టింది టెలిఫోను ఇంజినీర్లు. ఊరి నుంచి ఊరికి తీగ లాగితే గొంతు దారిలో బలహీనపడుతుంది. ఎంత? అమెరికాలో బెల్ సంస్థవాళ్లు మొదట్లో దాన్ని 'ఒక మైలు ప్రామాణిక తీగ'తో కొలిచేవాళ్లు. ఒక మైలు తీగలో తగ్గేంత తేడా, మనిషి చెవి పోల్చుకోగలిగిన అతి చిన్న తేడాకు దగ్గరగా ఉండేది. 1920ల్లో ఆ మైలు స్థానంలోకి లెక్కకు అనువైన కొత్త కొలత వచ్చింది. ఆ దశకం చివరికి దానికి, టెలిఫోను పితామహుడు గ్రాహం బెల్ పేరు కలిసేలా, డెసిబెల్ అని పేరు పెట్టారు.

డెసిబెల్ గజం లాంటిది కాదు. ఒకదానితో ఒకటి పోల్చి ఎన్ని రెట్లో చెప్పే కొలత. వోల్టేజి రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్, పది రెట్లైతే 20, వంద రెట్లైతే 40, వెయ్యి రెట్లైతే 60. చెవి కూడా ఇంచుమించు ఇలాగే రెట్లలో వింటుంది కాబట్టి ఈ పద్ధతి కుదిరింది.

పోల్చడానికి ఒక మొదలు ఉండాలి కదా. దాన్నీ టెలిఫోనే ఇచ్చింది. 600 ఓమ్‌ల తీగలో ఒక మిల్లీవాట్ శక్తి నడిస్తే అది సున్న. లెక్క వేస్తే అది 0.775 వోల్టులు. ఈ వింత సంఖ్య ఇవాళ్టికీ మిక్సర్ల పుస్తకాల్లో కనిపిస్తుంది. ఎక్కడో స్తంభాల మీద సాగిన టెలిఫోను తీగల గుణం, వందేళ్ల తర్వాత పెళ్లిపందిట్లో పెట్టెకు గుర్తుగా మిగిలింది.

తర్వాత రేడియో వచ్చింది. స్టేషన్ల మధ్య కార్యక్రమాలు టెలిఫోను తీగల మీదనే నడిచేవి. ఇక్కడ సరిగ్గా ఉన్నది అక్కడ గరగరమంటే తప్పెవరిది? అందుకే 1939లో బెల్ ప్రయోగశాల, సీబీఎస్, ఎన్బీసీ కలిసి ఒక ముల్లు మీటరు ఖాయం చేశాయి. అదే వీయూ మీటరు. పాత టేప్‌డెక్కుల మీద పాటకు తగ్గట్టు ఊగుతూ, కుడివైపు ఎర్రగీతలోకి పోయే ఆ ముల్లు చాలామందికి గుర్తుండే ఉంటుంది. మీటరు తగిలిస్తే తీగలోని శబ్దం చెడకూడదని దానికి వరసగా ఒక రెసిస్టరు పెట్టారు. దాని వల్ల ముల్లు సున్న చూపించేటప్పటికి తీగలో అసలు లెవెల్ 4 డెసిబెల్స్ పైన, అంటే 1.23 వోల్టుల దగ్గర ఉంటుంది. స్టూడియో సామాన్ల మీద కనిపించే 'ప్లస్ 4' వెనక ఉన్నది ఆ రెసిస్టరే. ఇళ్లలో వాడే టేపుడెక్కులు, సీడీ ప్లేయర్ల తయారీదార్లకు అంత అవసరం లేదు. వాళ్లు దాదాపు మూడో వంతు వోల్టు దగ్గర సర్దుకున్నారు. అందుకే రెండు పెట్టెల మీదా 'లైన్' అనే రాసి ఉన్నా ఒకటి నీరసంగా, ఒకటి దురుసుగా పలుకుతుంది.

మైకుసెట్టు ఊరికొచ్చింది

బహిరంగ సభకు లౌడ్‌స్పీకరు అంటే ఏమిటో లోకం చూసింది 1919లో. శాన్ డియాగోలో అమెరికా అధ్యక్షుడు విల్సన్ మాగ్నవాక్స్ పరికరాలతో సుమారు 50 వేల మందిని ఉద్దేశించి మాట్లాడాడు. మన దేశంలో 1931 కరాచీ కాంగ్రెస్ నాటి నుంచి నానిక్ మోత్వానీ 'షికాగో రేడియో' లౌడ్‌స్పీకర్లు జాతీయోద్యమ సభలకు గొంతయ్యాయి. పాత ఫోటోల్లో గాంధీ, నెహ్రూల ముందున్న మైకు మీద ఆ పేరు చదవొచ్చు. మెల్లగా మాట్లాడే గాంధీ మాట లక్షమందికి చేరిందంటే మధ్యలో వేల రెట్లు పెంచిన ఒక పెట్టె ఉంది.

మా పల్లెలకు అది మైకుసెట్టుగా వచ్చింది. ఒక ఆంప్లిఫయరు (చాలాచోట్ల అహూజా), వేపచెట్టుకు కట్టిన రెండు బూరలు, ఒక రికార్డు ప్లేయరు, కరెంటు లేకపోతే లారీ బ్యాటరీ. పెళ్లి, పెద్దకర్మ, తిరునాళ్ల, ఎలక్షను, భజన, దేనికైనా అదే సెట్టు. నాటకమైతే స్టేజి నడుమ పైనుంచి తాడుతో ఒకే ఒక మైకు వేలాడేది. దాంతో నాటకం తీరే మారిపోయింది. కృష్ణుడైనా దుర్యోధనుడైనా పద్యమెత్తాలంటే ఆ మైకు కిందికి రావలసిందే. రాయబారంలో పగవాళ్లిద్దరూ పక్కపక్కన భుజాలు రాసుకుంటూ నిలబడేది మైకు కోసమే. దూరం సగమైతే 6 డెసిబెల్స్ పెరుగుతుందని వాళ్లెవరూ చదవలేదు. తాత మాత్రం రాగం తీసేటప్పుడు ఒక అడుగు వెనక్కి వేసేవాడట. బూరలోకి పాడిన గ్రామఫోను గాయకుడు చేసిన పనే.

ఆ సెట్టులో నాలుగు మెట్లున్నాయి. మామూలు మైకు నుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు, అంటే వోల్టులో వెయ్యో వంతు లెక్క. పాత స్ఫటికం సూది ఉన్న రికార్డు ప్లేయరు అర వోల్టు దాకా ఇచ్చేది. అయస్కాంతం సూదిదైతే నాలుగైదు మిల్లీవోల్టులే. టేప్‌డెక్కు లైనులో మూడో వంతు వోల్టు. ఇక స్పీకరుకు పోయే చోట, 100 వాట్ల ఆంప్లిఫయరుకు 8 ఓమ్‌ల దగ్గర 28 వోల్టులు. మైకు మెట్టు మీదున్నదాన్ని స్పీకరు మెట్టుకు ఎక్కించాలంటే పద్నాలుగు వేల రెట్లు పెంచాలి.

ఆంప్లిఫయరు వెనకాల '100 వోల్టులు' అని రాసిన కొక్కెం ఇంకొకటి ఉంటుంది. అదెందుకో బోరుబావులున్న ఊళ్లో చెప్పడం సులభం. సబ్‌స్టేషను నుంచి చేను దాకా కరెంటు 11 వేల వోల్టుల మీద వస్తుంది, బోరు దగ్గర ట్రాన్స్‌ఫార్మరు దాన్ని దించుతుంది. వోల్టేజి ఎక్కువుంటే అదే శక్తికి తీగలో నడిచే కరెంటు తక్కువ, దారిలో నష్టమూ తక్కువ. మైకుసెట్టులోనూ అంతే. 100 వాట్లను 8 ఓమ్‌ల మీద పంపితే తీగలో మూడున్నర ఆంపియర్లు నడుస్తాయి. బూర దాకా పోయివచ్చే వైరు నిరోధం 2 ఓమ్‌లున్నా అందులోనే పాతిక వాట్ల దాకా వేడిగా పోతాయి. 100 వోల్టుల మీద పంపితే నడిచేది ఒక ఆంపియరే, నష్టం 2 వాట్లే. బూర దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరు మళ్లీ దించుతుంది. గుడి దగ్గర సెట్టు పెట్టి ఊరి చివర బూర కట్టగలిగింది దీనివల్లే. ఆ 100 వోల్టుల కొక్కేనికి మామూలు స్పీకరును నేరుగా తగిలించినవాడికి ఒక్క పెద్ద చప్పుడు, ఆ తర్వాత కాలిన వాసన.

ఇప్పుడు మా క్యాసెట్టు సంగతికి వద్దాం. చిన్నాయన స్పీకరు కొక్కేల నుంచి లాగిన వైరులో ఆ రాత్రి ఏ పది వోల్టులో ఉండి ఉంటాయి. దాన్ని గుచ్చింది రెండు మిల్లీవోల్టులకు తయారైన రంధ్రంలో. ఐదు వేల రెట్లు ఎక్కువ. మిషను కాలిపోకపోవడమే అదృష్టం.

పిన్నులో దాచిన రెసిస్టరు

చిన్నాయనకు ఆ తప్పు చాలాకాలం మనసులో కుమిలింది. మైకుసెట్టు పని నేర్చుకుంటూ హిందూపురంలో ఒక రేడియో మెకానిక్కును అడిగితే, ఆయన నవ్వి పది పైసల ఖర్చు లేని మందు చెప్పాడు. వైరు దారిలో ఒక 10 వేల ఓమ్‌ల రెసిస్టరు, దాని తర్వాత భూమి తీగకు అడ్డంగా ఒక 100 ఓమ్‌లది. వచ్చినదాంట్లో నూరో వంతు మాత్రమే దాటుతుంది, అంటే 40 డెసిబెల్స్ కోత. లైను నుంచి మైకుకు పోవాలంటే అది చాలు. స్పీకరు నుంచైతే ఇంకా కోయాలి. అప్పటినుంచి చిన్నాయన ఆ రెంటినీ పిన్ను డొప్పలోపలే టంకం పెట్టి, బయట ఎర్రటేపు చుట్టేవాడు. ఎర్రటేపు పిన్ను ఆయన పెట్టెలో ఎవరూ ముట్టకూడదు.

కొత్త సామాన్లు వచ్చాక కొత్త మాయలు వచ్చాయి. ఒక శ్రీరామనవమికి పందిట్లో కుర్రాడొకడు ఫోనుకు రెండు వైపులా ఒకేలాంటి మూడు వరసల పిన్నున్న వైరు పెట్టి నేరుగా మిక్సరుకు గుచ్చాడు. ఘంటసాల పాట పెడితే దాదాపు నిశ్శబ్దం. కొత్త సినిమా పాట పెడితే వాయిద్యాలు ఉన్నాయి, పాడేవాడు లేడు. "దయ్యం పట్టినాదేమో సూడు నాయనా" అని ఎవరో అన్నారు. చిన్నాయన వైరు మారిస్తే దయ్యం పోయింది.

ఫోను పిన్నులో మూడు వరసలు ఎడమ, కుడి, భూమి. మిక్సరులోని ఆ రంధ్రానికి మూడు వరసలంటే ఒకే శబ్దం, దాని తిరగేసిన నకలు, భూమి. దూరం నుంచి వచ్చే వైరులో కరెంటు రొద కూడితే, ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేసి ఆ రొదను పోగొట్టడానికి అది పుట్టింది. ఇదీ టెలిఫోను తీగల నుంచి వచ్చిన ఉపాయమే. కుర్రాడి వైరుతో మిక్సరు కుడిలోంచి ఎడమను తీసేసింది. ఘంటసాల కాలపు పాటల్లో రెండు వైపులా ఉండేది ఒకటే శబ్దం కాబట్టి పాటంతా పోయింది. కొత్త పాటలో గొంతు నడుమ ఉంటుంది కాబట్టి గొంతు మాత్రం పోయింది. ఆకారం ఒకటే, అర్థాలు రెండు.

మళ్లీ అదే తప్పు

ఇదంతా విని పెరిగిన నేను, బెంగళూరులో ఒకరోజు ఆ క్యాసెట్టును కంప్యూటరుకు ఎక్కిద్దామని కూచున్నాను. పాత డెక్కు హెడ్‌ఫోను రంధ్రం నుంచి ల్యాప్‌టాపు రంధ్రానికి వైరు పెట్టాను. పిన్ను పట్టింది. శుభ్రంగా ఉన్న రెండో వైపు కూడా గరగర! ల్యాప్‌టాపుకు ఉన్న ఆ ఒక్క రంధ్రం వినడానికి, మైకుకు తప్ప లైనుకు కాదు. ముప్పై ఏళ్ల తర్వాత, చదువుకున్నవాణ్ణి, చిన్నాయన చేసిన పనే చేశాను. తేడా ఏమిటంటే, ఆయనకు నాటకం ఒక్కసారే జరిగింది. నాకు క్యాసెట్టు ఇంకా ఉంది.

ఆ తప్పు డిజిటల్‌లో ఇంకా కఠినం. టేపులో లెవెల్ కాస్త మీరితే అయస్కాంతం మెల్లగా ఒత్తిగిలుతుంది, చెవి కొంత క్షమిస్తుంది. కంప్యూటరుకు సున్నకు పైన అంకెలే లేవు. అల పైభాగం కత్తితో కోసినట్టు చదునవుతుంది. ఆ కోసిన శిఖరాన్ని ఊహించి పూరించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ అవి పూరించేది ఊహనే.

ఒక స్నేహితుడి దగ్గర లైను రంధ్రం ఉన్న చిన్న రికార్డింగు పెట్టె అరువు తెచ్చుకున్నాను. డెక్కు లైను నుంచి దాని లైనుకు. అన్నిటికంటే గట్టి చోటు వెతికి, అక్కడ మీటరు సున్నకు 12 డెసిబెల్స్ కిందే నిలిచేలా నాబ్ సర్ది ముట్టకుండా వదిలేశాను. తక్కువైపోతుందేమోనని భయపడనక్కర్లేదు. మామూలు క్యాసెట్టులో రొదకూ గట్టి శబ్దానికీ మధ్య ఉండేదే 50 డెసిబెల్స్ లెక్క. 24 బిట్ల రికార్డింగులో అంతకు రెట్టింపు జాగా ఉంది. ఆ 12 ఖాళీగా వదిలితే పోయేదేమీ లేదు.

శుభ్రంగా ఎక్కాక రెండో వైపులో ఒక వింత గమనించాను. మృదంగం గట్టిగా పడినప్పుడల్లా తాత గొంతు వెనక్కి పోతుంది. పద్యం ఆగిన చోట కీచురాళ్ల మోత మెల్లగా లేచి నిలబడుతుంది. చౌక టేప్‌రికార్డర్లలో లెవెల్ నాబ్ ఉండేది కాదు. గట్టిదాన్ని తగ్గించి మెల్లనిదాన్ని పెంచే ఏర్పాటు లోపలే ఉండేది. మరి అది మొదటి వైపును ఎందుకు కాపాడలేదు? చాలా మిషన్లలో ఆ సర్దుబాటు గడప దాటాక మొదలవుతుంది. గడపలోనే తెగిపోయినదాన్ని తర్వాత ఎంత తగ్గించినా తెగినట్టే ఉంటుంది.

ఊరికి పోయి అవ్వకు రెండూ వినిపించాను. మొదటి వైపు పెడితే, "ఎవురప్పా వీడు, అట్ల అరుస్తాడు?" అంది. రెండో వైపు పెట్టాక చాలాసేపు ఏమీ అనలేదు. పద్యం అయిపోయినాక, "ఆ దగ్గేది మీ పెద్దత్త. అప్పుడు జొరం దానికి" అంది.

ఆ తర్వాత వీధిలో ఇంకో రెండిళ్లవాళ్లు తమ పెట్టెలు దింపారు. ఒకదాంట్లో పెళ్లి, ఒకదాంట్లో భజన, ఒకదాని మీద ఏమీ రాసి లేదు. టేపు పొట్టు రాలుతోంది, ఒకటి రెండు సార్ల కంటే ఎక్కువ ఆడేలా లేవు. చిన్నాయన వచ్చి పక్కన కూచుని, నేను వైరు చేతిలోకి తీసుకోగానే అడిగాడు: "యాడినుంచి యాడికి?"

"లైనులోంచి లైనుకు చిన్నాయనా."

"అయితే పెట్టు."